ఒకటి తక్కువ

పెంజాన్స్ రేవు వెనక, చేపల వాసన మలుపు తిరిగే సందులో
ఓ ధర్మ దుకాణం. ఒకరు వాడి వదిలేసినవి
ఇంకొకరు కొనుక్కుపోతారు.
మంగళవారాలు వెనక గదిలో కూర్చుని
జనం ఇచ్చేసిన జిగ్సా పెట్టెలు బోర్లించి
బొమ్మ మొత్తం పేర్చి చూసి
మూత మీద పెన్సిలుతో రాస్తాను:
"అన్నీ ఉన్నాయి." లేదా, "ఒకటి తక్కువ."

జీతం లేదు. టీ ఉంది.
పక్కన లవ్‌డే ట్రెనీర్ ఉంటుంది. ఎనభై ఒకటి.
గోడలూ గుర్రాలూ నా వైపు తోసేసి
ఆకాశాలన్నీ తనే తీసుకుంటుంది.
నీలంలో నీలం వెతకడం
ఉప్పులో ఉప్పు ఏరడం కదా అంటాను.
వినదు. ముక్కను వేలి కింద తిప్పుతూ
పడవవాళ్ళు గాలి వాసన పట్టినట్టు
దాని చోటు పడుతుంది.

కిందటి నెల ఓ ప్లైవుడ్ బొమ్మ వచ్చింది, అమెరికా సరుకు.
అడుగున మాసిన చీటీ, మందుల షాపు ముద్ర:
"మూడు రాత్రులు, పది సెంట్లు."
అద్దెకు తెచ్చుకునేవాళ్ళట ముప్ఫైల్లో,
ఫ్యాక్టరీలు తాళాలేసుకున్న చలికాలాల్లో.
పని పోయిన వడ్రంగులు వంటింట్లో కూర్చుని
కాలితో రంపం తొక్కి బొమ్మలు కోసేవాళ్ళట.
ఈ ఒక్కణ్ణీ నేను ఊహించుకున్నాను,
పేరు ఆరిన్ టటిల్ అనుకుందాం.
ప్రతి బొమ్మలో ఒక ముక్కను కుక్క ఆకారంలో కోసేవాడు,
సంతకం బదులు.
గుమ్మం గుమ్మం దగ్గరా "కుదరదు" అని
పగలంతా విన్న మనిషికి
రాత్రి దీపం కింద ఏదో ఒకటి
చిటుక్కున కుదరాలి కదా.
ఆ చిటుక్కే పది సెంట్లు.

ఇవాళ వచ్చింది మాత్రం బాగా ముసలిది.
మహాగని పెట్టె, జారుడు మూత, పైన బొమ్మే లేదు.
మూత లోపల గోధుమరంగుకు తిరిగిన సిరా:
"ఆగస్టా ఫెన్విక్, ఏడేళ్ళు, 1768."
లండన్‌లో పటాలు అమ్మేవాళ్ళు
యూరప్‌ను పలక మీద అంటించి
సరిహద్దుల వెంట రంపం నడిపిన రోజులు.
కలవారి పిల్లలకు అదే భూగోళం పాఠం.
ముక్కను ముక్క పట్టుకునే కొక్కేలు లేవు,
పక్కపక్కన ఆనించడమే.
ఎవరైనా గట్టిగా తుమ్మితే
ఫ్రాన్స్ వెళ్ళి స్పెయిన్ మీద పడేది.

తర్వాత రాజులే తుమ్మారు.
ఆగస్టాకు ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేసరికి
కొత్త పటాల్లో పోలండ్ లేదు.
మూడు వైపుల నుంచి మూడు రంపాలు.
పెట్టెలో మాత్రం ముక్క అలాగే ఉంది,
అంచున పసుపు రంగు వెలిసి,
ఏ కొత్త పటంలోనూ పట్టకుండా.

బూట్ల అర సర్దుతున్న బొగుమిలా పరిగెత్తుకొచ్చింది.
"మాది ఉందా?"
ఉంది. అరచేయి నిండా ఉంది.
"అమ్మో, ఇంత పెద్దదా!" అని నవ్వి
రొట్టె బరువు చూసినట్టు చూసి
ఊపిరి బిగబట్టి దాని చోట ఆనించింది.

పోయింది ఇంగ్లండ్.
పెట్టె దులిపాం. చాప ఎత్తాం.
రెండున్నర శతాబ్దాలు ఆలస్యంగా
బల్ల కింద మోకాళ్ళ మీద పాకాం.
ఆగస్టా జేబులో వేసుకుపోయిందేమో,
ఉన్న ఊరు తన దగ్గరే ఉండనీ అని.
కుక్క కొరికిందో, పొయ్యిలో పడిందో.
"దాంతోపాటు మన కార్న్‌వాల్ కూడా పోయింది,
మనల్ని అడగకుండానే, ఎప్పట్లాగే"
అంది లవ్‌డే.

డబ్బాలోంచి బిస్కెట్టు తీసి
అంచులు కొరికి కొరికి
ఆ ఖాళీలో పెట్టి చూసింది.
ఉత్తరాన పొడుగు. ఇంకో కొరుకు.
ఇప్పుడు పొట్టి.
ఇంకో బిస్కెట్టు.

పెన్సిలు చెక్కి పెట్టుకున్నాను, ఇంకా రాయలేదు.
ముగ్గురం తలలు దగ్గరపెట్టి వంగి ఉన్నాం.
ముందు గదిలో ఎవరో గంట కొడుతున్నారు.
ఎవరమూ లేవలేదు.